మండియోకా: పదము, పదార్థము, ప్రాంతీయ వ్యవహారము

'మండియోకా' అనేది పోర్చుగీసు భాషలో ఒక దుంపకూ, ఆ దుంపను నేలలో పెంచుకొనే పొదకూ సమానంగా వర్తించే నామవాచకం. వృక్షశాస్త్రంలో ఆ మొక్క పేరు మానిహాట్ ఎస్కులెంటా. ఆముదం, నేపాళం, రబ్బరు చెట్టు చేరిన యూఫోర్బియేసీ కుటుంబమే దీనిదీ. తెలుగు రైతు దీనిని కర్రపెండలం అంటాడు. తెలుగు గృహిణికి ఇది దుంపగా కంటె సగ్గుబియ్యంగానే ఎక్కువ పరిచయం. ఉచ్చారణలో కొంత భేదం ఉంది. బ్రెజిల్‌లోని రియోలోను, సావొ పావులోలోను 'డి' మెత్తబడి 'మంజియోకా' అని వినిపిస్తుంది. రెసీఫేలోను, సముద్రానికి ఆవల లిస్బన్‌లోను 'డి' కదలకుండా నిలుస్తుంది. ఈ వ్యాసంలో ఆ రెండవ రూపాన్నే గ్రహించాను.

నిఘంటుకారుడు ఇంతటితో తన పని పూర్తయిందని అనుకోవచ్చు. కాని ఈ పదం బ్రెజిల్ దేశంలో ఒక ప్రాంతం నుండి మరొక ప్రాంతానికి పోయేసరికి దాని అర్థం విస్తరిస్తుంది, లేదా కుంచించుకొనిపోతుంది. ఉడికించుకొని తినడానికి దుంప కావలసినవాడు సావొ పావులోలో 'మండియోకా' అడుగుతాడు. రియో డి జనీరోలో, సాల్వడార్‌లో 'ఐపిం' అడుగుతాడు. రెసీఫేలో, ఫోర్టలేజాలో, అమెజాన్ ముఖద్వారాన ఉన్న బెలేంలో 'మకషేరా' అడుగుతాడు. ఒకే వస్తువుకు మూడు పేర్లున్నాయని, అవి పర్యాయపదాలని తేల్చివేయడం సులభమే. కాని బెలేం పరిసరాల పల్లెలలో 'మండియోకా' అనే మాట కూడ జీవించే ఉంది. అక్కడ అది పిండి చేయడానికి తప్ప పనికిరాని విషపు దుంపను సూచిస్తుంది. దానిని ఉడకబెట్టి పిల్లల చేతికిచ్చే తల్లి ఆ సీమలో ఉండదు. సావొ పావులో కుటుంబం భోజనపు బల్లపై వడ్డించుకొనే పేరే బెలేం కుటుంబానికి హెచ్చరిక. రెండు ప్రాంతాలవారూ మాట్లాడేది ఒకే భాష, పలికేది ఒకే పదం.

ఈ భేదం కేవలం నోటివాటం వల్ల పుట్టినది కాదనీ, దుంపలోని రసాయనతత్త్వమూ, దానిని ఆహారంగా మార్చుకొనే శిల్పమూ కలిసి ఈ పదం సరిహద్దులను గీశాయనీ నా అభిప్రాయం. అందుచేత పదచర్చకు ముందు పదార్థచర్చ అవసరం.

కర్రపెండలం కణాలలో లినమారిన్ అనే సయనైడ్‌జనక గ్లూకోసైడు నిల్వ ఉంటుంది. సయనైడ్‌జనక గ్లూకోసైడు అనగా, చక్కెర అణువుతో బంధించబడి ఉన్నంత కాలం నిరపాయంగా ఉండి, ఆ బంధం తెగినప్పుడు చివరికి హైడ్రోజన్ సయనైడును విడుదల చేసే సమ్మేళనం. లినమారిన్‌తో పాటు లొటాస్ట్రాలిన్ అనే మరొక గ్లూకోసైడు కూడ స్వల్పంగా ఉంటుంది. ఆ బంధాన్ని తెంచే లినమారేజ్ అనే ఎంజైమును మొక్క వేరొక చోట, కణకవచంలో దాచుకొంటుంది. లినమారిన్ ఉండేది కణం లోపలి రిక్తికలో. దుంప చెక్కుచెదరకుండా ఉన్నంతవరకు రెండూ కలియవు. పురుగు కొరికినా, ఎలుక నమిలినా, మనిషి తురిమినా గోడలు పగిలి అవి కలుస్తాయి, విషం పుడుతుంది. పారిపోలేని మొక్క తనకు తానే ఏర్పాటు చేసుకొన్న రక్షణ ఇది.

ఇక్కడ అధ్యేత శ్రద్ధగా గమనించవలసిన అంశం ఒకటి ఉన్నది. ఉడికిస్తే విషం పోతుందనేది సామాన్యుల నమ్మకం. విషం ఎక్కువగా ఉన్న చేదు దుంప విషయంలో అది సగమే నిజం. లినమారిన్ వేడికి సులభంగా విచ్ఛిన్నం కాదు. దానిని విడగొట్టవలసిన ఎంజైము మాత్రం వేడికి త్వరగా నశిస్తుంది. కాబట్టి పెద్ద పెద్ద ముక్కలుగా కోసి ఉడికించినప్పుడు, నీటిలోకి దిగినది పోగా మిగిలిన లినమారిన్ ముక్కల లోపలే ఉండిపోతుంది. తురిమినప్పుడు జరిగేది ఇందుకు విపర్యయం. కణాలన్నీ చితికి, ఎంజైమూ లినమారినూ పూర్తిగా కలిసి, హైడ్రోజన్ సయనైడు అక్కడికక్కడే వెలువడుతుంది. ఆ విషపదార్థం సుమారు 26 డిగ్రీల సెల్సియస్ వద్దనే మరుగుతుంది గనుక కొంత గాలిలో కలిసిపోతుంది, కొంత పిండిన రసంతో పోతుంది, మిగిలినది పెనం వేడికి ఎగిరిపోతుంది. విషాన్ని తొలగించడానికి ముందుగా విషాన్ని పూర్తిగా పుట్టించాలి. రసాయనశాస్త్రం పుట్టక ముందే అమెజాన్ స్త్రీలు ఆచరణలో కనుగొన్న సూత్రం అదే.

ఈ విషపు పరిమాణాన్ని బట్టి దుంపలను బ్రెజిల్‌లో రెండు తరగతులుగా విభజిస్తారు: 'మాన్సా' అనగా సాధువైనది, తీపి దుంప; 'బ్రావా' అనగా క్రూరమైనది, చేదు దుంప. పశువులకు వాడే విశేషణాలనే దుంపలకూ వాడారన్నమాట. బ్రెజిల్ వ్యవసాయ పరిశోధకులు కిలో పచ్చి దుంపలో 100 మిల్లీగ్రాముల హైడ్రోజన్ సయనైడు పుట్టగల స్థాయిని ఈ రెండింటికీ నడుమ గీతగా గ్రహిస్తారు. అంతర్జాతీయ ఆహార ప్రమాణాలను నిర్ణయించే కోడెక్స్ సంస్థ తీపి దుంపకు 50 మిల్లీగ్రాములకు లోపు అని మరింత కట్టుదిట్టంగా నిర్ణయించింది. ఈ అంకెల భేదమే ఒక సత్యాన్ని వెల్లడిస్తుంది: సాధు, క్రూర జాతుల మధ్య ప్రకృతి గీసిన గీత లేదు. ఆస్ట్రియా వృక్షశాస్త్రజ్ఞుడు పోల్ 1827లో ఈ రెండింటినీ రెండు వేర్వేరు జాతులుగా నామకరణం చేశాడు. తరువాతివారు వాటి నడుమ అవిచ్ఛిన్నమైన క్రమం ఉందని గ్రహించి, క్రాంట్జ్ 1766లో పెట్టిన ఎస్కులెంటా అనే ఒకే పేరు కింద తిరిగి చేర్చారు. అంతకుముందు లిన్నేయస్ 1753లో దీనిని నేపాళపు ప్రజాతిలో చేర్చాడు. అంతేకాక, ఒకే రకం మొక్క వాన కరవైన ఏట ఎక్కువ విషాన్ని కూడబెట్టుకొంటుంది. అనగా 'సాధువు' అనే మాట మొక్క స్వభావాన్ని చెప్పే శాశ్వత లక్షణం కాదు. ఈ నేలలో, ఈ రకాన్ని ఇలా వండుకొని తినవచ్చునని ఆ సీమవారు పరంపరగా ఇచ్చుకొంటున్న హామీ.

క్రూరమైన దుంపను విడిచిపెట్టి సాధువైన దానినే ఎందుకు పండించుకోరాదని పాఠకునికి సందేహం కలుగుతుంది. విషమున్న పంటను అడవిపందులూ, పురుగులూ అంతగా ముట్టవు. రైతుకు కావలసింది పిండి గనుక, పిండి చేసే క్రమంలో విషం ఎలాగూ పోతుంది గనుక, చేదు దుంప వల్ల నష్టం లేదు. రియో నెగ్రో నదీతీరపు ఆదివాసులు వందకు మించిన రకాలను పేరుపేరునా గుర్తించి సాగు చేస్తారు. వారి సేద్యవ్యవస్థను బ్రెజిల్ ప్రభుత్వం 2010లో దేశపు సాంస్కృతిక వారసత్వంగా నమోదు చేసింది. వాటిలో అధికభాగం చేదు రకాలే.

పిండి చేసే శాలను 'కాజా డి ఫరీన్య' అంటారు, అనగా పిండి ఇల్లు. తొక్క తీసిన దుంపను తురిమి, ఆ తడి ముద్దను 'తిపితి' అనే సాధనంలో కూరుతారు. తిపితి అనేది అడవి తీగల నారతో ఏటవాలుగా అల్లిన మనిషెత్తు గొట్టం. దాని రెండు కొసలలోనూ ఉచ్చులుంటాయి. ముద్ద కూరినప్పుడు గొట్టం పొట్టిగా, లావుగా ఉబ్బుతుంది. పై ఉచ్చును దూలానికి తగిలించి, కింది ఉచ్చులో ఒక కర్రను దూర్చి, ఆ కర్రపై బరువు వేసినా, స్త్రీ స్వయంగా కూర్చున్నా, గొట్టం సాగి సన్నబడుతుంది. ఏటవాలు అల్లికలో ఉన్న జ్యామితి వల్ల పొడవు పెరిగిన కొద్దీ వ్యాసం తగ్గుతుంది, లోపలి ముద్ద నాలుగు వైపుల నుండి సమానంగా నొక్కబడుతుంది, పసుపుపచ్చని రసం అల్లిక సందులలోంచి కారుతుంది. మర లేదు, ఇనుము లేదు. ఇంత తక్కువ సామగ్రితో ఇంత ఒత్తిడి పుట్టించే యంత్రం మరొకటి నాకు తెలియదు. ఆ రసం పేరు 'మనిప్వేరా'. అది కొంతసేపు కదలకుండా ఉంటే అడుగున తెల్లని గంజిపొడి పేరుకొంటుంది; పైన తేరిన రసాన్ని పులియబెట్టి బాగా మరిగిస్తే విషం పోయి 'తుకుపీ' అనే పుల్లని పులుసు అవుతుంది. బెలేంలో అక్టోబరు నెలలో జరిగే నజరే మాత ఉత్సవానికి బాతు మాంసాన్ని ఆ పులుసులోనే వండుతారు. గొట్టంలో మిగిలిన పొడి ముద్దను జల్లించి, వెడల్పాటి పెనంపై కలుపుతూ వేయిస్తే ఫరీన్య సిద్ధమవుతుంది.

ఇప్పుడు పదాల వంతు. మండియోకా, ఐపిం, మకషేరా అనే మూడూ పోర్చుగల్ నుండి వచ్చిన మాటలు కావు. బ్రెజిల్ తీరంలో పోర్చుగీసువారు దిగినప్పుడు అక్కడి ప్రజలు మాట్లాడుతున్న తూపీ భాషవి. మండియోకా పదానికి ప్రచారంలో ఉన్న వ్యుత్పత్తి ఒక కథను ఆశ్రయించింది: మానీ అనే తెల్లని శరీరచ్ఛాయ గల పసిపాప చనిపోతే ఇంటిలోనే పూడ్చారని, ఆ చోట మొలచిన మొక్క దుంపకు 'మానీ ఇల్లు' అనే అర్థంలో మానీ-ఓకా అని పేరు వచ్చిందని. ఈ గాథను కౌటో డి మగల్యాయిన్స్ 1876లో ప్రకటించిన గ్రంథంలో నమోదు చేశాడు. గాథ మనోహరంగా ఉంది, వ్యుత్పత్తి మాత్రం నిలవదు. అర్థం మరుగుపడిన పదాన్ని తెలిసిన మాటలుగా విరిచి కథ కల్పించుకోవడాన్ని లోకనిరుక్తి అంటారు. తూపీలో ఇదే ధాతురూపం మరి కొన్ని పదాలలో కనిపిస్తుంది. పొదకు, నాటే కాండానికి 'మనీవా' అని పేరు, ఆకుతో చేసే కూర 'మనిసోబా', రసం మనిప్వేరా. వీటిలో ఎక్కడా ఇల్లు లేదు. తూపీకి సోదరభాష అయిన గ్వారానీలో ఇల్లు 'ఓగ', దుంప మాత్రం 'మండిఓ'. దుంప పేరు చివర ఇంటి జాడ లేదు. కనుక దుంపకు, పొదకు, ఆకుకు, రసానికి వేర్వేరు ప్రత్యయాలతో ఏర్పడిన ఒక పదకుటుంబంలో మండియోకా ఒక సభ్యురాలని గ్రహించడమే యుక్తం. మొక్క ప్రతి అంగానికీ విడి పేరు పెట్టుకొన్న జాతి ఆ మొక్కతో ఎంత కాలం సహజీవనం చేసి ఉంటుందో ఊహించవచ్చు. అడవి మానిహాట్ నుండి ఈ పంట అమెజాన్ దక్షిణపు అంచున, నేటి బ్రెజిల్ భూభాగంలోనే మచ్చికైందని జన్యుపరిశోధనలు కూడ సూచిస్తున్నాయి.

యూరోపు వారి తొలి వ్రాతలలో ఈ పదం కనిపించదు. 1500 మే నెలలో బ్రెజిల్ తీరం నుండి పోర్చుగల్ రాజుకు లేఖ వ్రాసిన పేరో వాజ్ డి కమీన్యా, అక్కడివారు తినే దుంపను తన దేశీయులకు తెలిసిన 'ఇన్యామి', అనగా పెండలం, అన్నాడు. కొత్త వస్తువును పాత పేరుతో పిలవడం మానవసహజం. అర్ధశతాబ్దం గడిచేసరికి స్థానిక పదాలు యూరోపు గ్రంథాలలోకి వచ్చాయి. 1557లో గ్వానబారా అఖాతంలో, నేటి రియో నగరం ఉన్న చోట, కొంత కాలం గడిపిన ఫ్రెంచి యాత్రికుడు జాన్ డి లేరీ 1578లో ప్రకటించిన గ్రంథంలో 'మానియో', 'ఐపీ' అని రెండు దుంపలను వేరుచేసి, రెండవది మాత్రమే నేరుగా ఉడికించి, కాల్చి తినదగినదని వివరించాడు. బహియాలో చెరకు తోటల యజమాని గాబ్రియేల్ సోరెస్ డి సౌజా 1587లో రచించిన గ్రంథంలో పచ్చి రసం ప్రాణాంతకమని, అదే దుంప నుండి తీసిన పిండి దేశానికి ప్రాణాధారమని విస్తరించి వ్రాశాడు. రెండు పేర్ల వ్యవస్థ తూపీవారిదేననీ, పోర్చుగీసువారు దానిని యథాతథంగా స్వీకరించారనీ ఈ సాక్ష్యాలు నిరూపిస్తున్నాయి.

ఇక ప్రాంతీయ వ్యవహారం. తీరం వెంట రియో, ఎస్పిరితో సాంతో, బహియా, దక్షిణాన సాంతా కతరీనా, రియో గ్రాండి దో సుల్ వరకు ఐపిం వ్యాపించింది. పెర్నంబుకో మొదలుకొని ఉత్తరంగా సియరా, మరన్యావొ మీదుగా పారా, అమెజోనాస్ రాష్ట్రాల వరకు మకషేరాది రాజ్యం. సావొ పావులో, మినాస్ జెరాయిస్, గొయాస్, మాటో గ్రోసో రాష్ట్రాలలో మండియోకా ఒక్కటే చెల్లుతుంది. సరిహద్దులు ఖచ్చితమైనవి కావు; ఒకే రాష్ట్రంలో తీరం ఒక మాటను, లోతట్టు సీమ మరొక మాటను వాడటం కద్దు.

ఈ పటాన్ని రసాయనశాస్త్ర దృష్టితో చదివితే ఒక క్రమం బయటపడుతుంది. చేదు దుంపను ఇంటనో, ఊరనో పిండిగా మార్చుకొనే సంప్రదాయం బలంగా ఉన్న ఉత్తర, ఈశాన్య సీమలలో భాష రెండు పేర్లను కాపాడుకొంది: తినేది మకషేరా లేక ఐపిం, పిండి చేసేది మండియోకా. అక్కడ మండియోకాకు అర్థసంకోచం కలిగింది. జాతి అంతటికీ చెల్లవలసిన పదం క్రూరమైన రకానికే పరిమితమైంది. పిండి దుకాణంలో సంచులలో దొరికి, వంటింటికి తీపి దుంప ఒక్కటే చేరే ఆగ్నేయపు లోతట్టు, మధ్యపశ్చిమ సీమలలో రెండవ పేరుకు పని లేకపోయింది. అక్కడ మండియోకాకు అర్థవ్యాకోచం కలిగింది. అవసరమైనప్పుడు 'మండియోకా బ్రావా' అని విశేషణం చేరుస్తారు. గంజిపొడి మిల్లులు విస్తారంగా ఉన్న పరనా రాష్ట్రంలో వర్తకులు 'బల్ల మండియోకా', 'పరిశ్రమ మండియోకా' అని విడదీసి చెబుతారు. ప్రమాదం ఉన్న చోట పేరు వేరు, ప్రమాదం కనుమరుగైన చోట విశేషణమే చాలు. ఈ సూత్రానికి అపవాదాలున్నాయి. దక్షిణపు ఐపిం సీమలన్నీ నేడు పిండి చేసే సీమలు కావు. ఆచారం పోయాక కూడ పదం కొంతకాలం నిలుస్తుంది గనుక అది సూత్రానికి భంగం కాదని నేను భావిస్తాను.

1757లో పోర్చుగల్ మంత్రి పాంబాల్ శాసనం అమెజాన్ సీమలో తూపీ మూలకమైన సామాన్యభాషను తొలగించి పోర్చుగీసును తప్పనిసరి చేసింది. మరుసటి ఏటికి ఆ నిబంధన బ్రెజిల్ అంతటికీ విస్తరించింది. భాష వెనుకబడింది, దుంపల పేర్లు మాత్రం ఒక్కటీ మారలేదు. రాజశాసనం కంటె విషభయం బలమైనది.

ఇటువంటి పటాన్ని ఊహతో గీయలేము. 1996లో సాల్వడార్‌లో ప్రారంభమైన బ్రెజిల్ భాషాపట ప్రణాళిక దేశమంతటా 250 స్థలాలలో 1,100 మందిని ప్రశ్నించి వ్యవహారాన్ని సేకరించింది. దాని ప్రశ్నావళిలో ఈ దుంపకు ఒకటి కాదు, రెండు ప్రశ్నలున్నాయి: ఉడికించి తినే దుంపను మీరేమంటారు, దానిని పోలి ఉండి తినడానికి పనికిరాక పిండికే వాడే దుంపను మీరేమంటారు అని. పదం చెప్పి అర్థం అడగక, వస్తువును వర్ణించి పదాన్ని రాబట్టడం ఈ పద్ధతిలోని మెళకువ. ప్రణాళిక తొలి రెండు సంపుటాలు 2014లో వెలువడ్డాయి. బ్రెజిల్‌లో ఈ శాస్త్రానికి నాంది పలికినది 1963లో నెల్సన్ రోసీ వెలువరించిన బహియా మాండలిక పటం. అంతకు ఒక ఏడాది ముందు, 1962లో, భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో మన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం, వ్యవసాయ పదాలది, ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రచురణగా వెలువడింది. ఒకరి సంగతి మరొకరికి తెలియకపోయినా, రైతు నోటి మాటలోనే భాషాశాస్త్రానికి ముడిసరుకు ఉందన్న విశ్వాసం ఇరువురిదీ.

మండియోకా రాజకీయ పదం కూడ అయింది. 1823లో బ్రెజిల్ రాజ్యాంగ ముసాయిదాలో ఓటుహక్కుకు ఆస్తి అర్హతను డబ్బులో గాక మండియోకా పిండి కొలతలో నిర్ణయించారు. ప్రాథమిక ఓటరు భూమికి 150 అల్కేరుల పిండికి సమానమైన రాబడి ఉండాలి. జనం ఆ ముసాయిదాకు 'మండియోకా రాజ్యాంగం' అని పేరు పెట్టారు. చక్రవర్తి ఒకటవ పెడ్రో దానిని రూపొందిస్తున్న రాజ్యాంగ సభనే రద్దు చేయడంతో అది అమలుకు రాలేదు.

తూపీ నుండి పోర్చుగీసు ద్వారా లోకమంతటా వ్యాపించిన మరొక మాట 'టాపియోకా'. బ్రెజిల్‌లో దాని అర్థం మనిప్వేరా అడుగున పేరిన గంజిపొడి, ఆ తడిపొడిని వేడి పెనంపై చల్లితే అదే అంటుకొని అయ్యే అట్టు. ఇంగ్లీషులో అది సగ్గుబియ్యపు గింజ. మన దేశంలో ఇంగ్లీషు మాట్లాడేవారికి, ముఖ్యంగా కేరళీయులకు, మొక్కా దుంపా కూడ అదే. మరొక చిత్రం: మలయ్ ద్వీపాలలో ఒక జాతి తాటిచెట్టు బోదె నుండి తీసే పిండి పేరు 'సాగు'. ఆ మాటే తెలుగులో సగ్గు అయింది, పోర్చుగీసులో 'సగు' అయింది. రెండు చోట్లా అసలు చెట్టును విడిచి కర్రపెండలపు గంజిపొడి గుళికలకు స్థిరపడింది. దక్షిణ బ్రెజిల్‌వారు ఆ గుళికలను ఎర్ర ద్రాక్షసారాలో ఉడికించి తీపి వంటకం చేస్తారు, మనం పాలలో పాయసం చేస్తాం. స్పానిషు లోకంలో మాత్రం దుంప పేరు 'యూకా', కరిబియన్ ద్వీపాల టైనో భాషది. అమెరికాలోని తెలుగువారు అంగడిలో చూసేది తరచు ఈ పేరే. ఆ మాట పొరపాటున యూరోపు తోటల్లోని మరొక మొక్కకు అంటుకొని, యుక్కా అనే వృక్షశాస్త్ర నామంగా శాశ్వతమైంది. ఆ రెంటికీ ఏ బంధుత్వమూ లేదు.

పోర్చుగీసు ఓడలు పదహారవ శతాబ్దంలో ఈ దుంపను ఆఫ్రికా పశ్చిమతీరానికి చేర్చాయి. అంగోలాలోను, మొజాంబిక్‌లోను పోర్చుగీసులో మండియోకా అనే అంటారు. ఐపిం, మకషేరా ఆ సముద్రాన్ని దాటలేదు. అంగోలాలో నానబెట్టి ఎండించిన దుంప 'బొంబో', దాని పిండితో కలిపే ముద్ద 'ఫుంజి'. తూర్పు తిమోర్‌లో టేతుం భాషవారు దుంపకే 'ఐఫరీనా' అని, చెట్టుపిండి అనే అర్థం వచ్చేలా, సగం తమ మాటా సగం పోర్చుగీసు మాటా కలిపి పేరు పెట్టుకొన్నారు. మొక్క ప్రయాణించినంత సులభంగా దానిని శుద్ధి చేసే జ్ఞానం ప్రయాణించలేదు. 1981లో ఉత్తర మొజాంబిక్‌లోని నంపులా రాష్ట్రంలో కరవు వచ్చి, దుంపలలో విషం పెరిగి, ఆకలికి ఆగలేక జనం ఎండబెట్టే కాలాన్ని తగ్గించినప్పుడు 1,102 మందికి కాళ్ళు చచ్చుబడ్డాయి. వారిలో అధికులు స్త్రీలు, పిల్లలు. స్థానికులు ఆ వ్యాధిని 'మంటకస్సా' అన్నారు. కాంగోలో అదే వ్యాధి పేరు 'కొంజో'. తురమడం, పిండడం, పులియబెట్టడం, వేయించడం అనే నాలుగు క్రియలూ రుచి కొరకు ఏర్పడినవి కావని ఇంతకంటె కఠినమైన నిదర్శనం లేదు.

భారతదేశంలో ఈ పంటకు ముఖ్య స్థానాలలో ఒకటి కేరళ. తిరువాన్కూరు రాజు విశాఖం తిరునాళ్ 1880 దశకంలో దీని సాగును ప్రోత్సహించాడు. 1963లో కేంద్ర దుంపపంటల పరిశోధన సంస్థ తిరువనంతపురంలో ఏర్పడింది. మన వద్ద గోదావరి జిల్లాల మెట్టసీమ దీనికి నెలవు, పెద్దాపురం, సామర్లకోట సగ్గుబియ్యపు మిల్లులకు ప్రసిద్ధి. ఆ మిల్లులలో జరిగేది గమనించండి: దుంపను కడిగి, తొక్క తీసి, తురిమి, నీళ్ళతో పాలు పిండి, తొట్లలో పేరబెట్టి, తెల్లని పిండిని గుళికలుగా చుట్టి, పెనంపై వేయించి, కళ్ళంలో ఎండబోస్తారు. తిపితి స్థానంలో యంత్రం, మనిప్వేరా స్థానంలో తొట్టి నీరు. క్రమం మాత్రం అమెజాన్‌దే. అందుకే మన సగ్గుబియ్యంలో విషభయం లేదు. పేరు విషయంలో మన పూర్వులు చేసినది కమీన్యా చేసిన పనే: కొత్త దుంపను తమకు తెలిసిన పెండలంతో పోల్చి, కర్రను నాటితే మొలుస్తుంది గనుక కర్రపెండలం అన్నారు. వృక్షశాస్త్రరీత్యా దీనికీ పెండలానికీ సంబంధం లేదు; వ్యవసాయరీత్యా ఆ విశేషణం నూటికి నూరుపాళ్ళు సార్థకం, ఎందుకంటే దీనిని నాటేది దుంపతో కాదు, కాండపు ముక్కతో.

బ్రెజిల్ పరిశోధకులు పిండి ఇంటిలోని ప్రతి పనిముట్టుకూ, ప్రతి దశకూ ఊరూరా ఉన్న పేర్లను గ్రంథస్థం చేసుకొన్నారు. పెద్దాపురం, సామర్లకోట మిల్లుల కార్మికులు, మెట్టరైతులు ఈ దుంప రకాలకు, తొట్లకు, పేరిన పిండికి, పిప్పికి, గుళిక పరిమాణాలకు వాడే మాటలను కూడ అదే పద్ధతిలో, వస్తువును చూపి పదాన్ని అడిగి, సేకరించవలసి ఉంది. తెలుగు శాఖల పరిశోధక విద్యార్థులు అంశం కొరకు దూరం వెదకనక్కరలేదు; 1962 నాటి వ్యవసాయ పదకోశాన్ని ముందు పెట్టుకొని ఒక పంటకాలం ఆ మిల్లులలో గడపగలవారు ఈ పనికి పూనుకోవాలని కోరుతున్నాను.